కడుపులో బిడ్డకు పరీక్ష: చట్టం తెరిచిన తలుపు ఎవరికి? (గర్భం–చట్టం–కులం: 4)

నిన్నటి భాగం చదివి ఒక నర్సింగ్ చెల్లె అడిగింది: "అన్నా, స్కానింగ్ సెంటర్ గోడ మీద లింగ నిర్ధారణ నేరమని రాసి ఉంటది. మరి బిడ్డకు జబ్బుందా అని చూసుడు కూడా నేరమేనా?"

కాదు చెల్లె. కానీ ఆ అనుమానం ఊరికే రాలేదు.

1970ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉమ్మనీటి పరీక్ష మొదలైంది. జన్యులోపాలు పట్టడానికి వచ్చిన సూది ఆడపిల్లల్ని ఏరేసే సూది అయింది. ముంబై మహిళా సంఘాలు కొట్లాడితే 1988లో మహారాష్ట్ర, 1994లో పార్లమెంటు చట్టం చేశాయి. 1996 జనవరి 1 నుంచి అమలన్నారు. అమలెక్కడని సెహత్, మాసూమ్ సంస్థలు, సాబు జార్జ్ సుప్రీంకోర్టుకెక్కారు. 2003లో సవరణ వచ్చింది. ఇదంతా సభల్లో చెప్పుకునేదే.

చెప్పుకోనిది 4వ సెక్షన్. క్రోమోజోమ్ లోపాలు, పుట్టుకతో వచ్చే వైకల్యాలు, హిమోగ్లోబిన్ జబ్బుల కోసం పరీక్ష చేయొచ్చని అందులోనే ఉంది. తల్లికి 35 ఏళ్లు దాటినా, రెండు మూడుసార్లు గర్భం పోయినా, కుటుంబంలో జన్యు జబ్బున్నా అర్హతే. 5వ సెక్షన్ ప్రకారం ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. కోయ తల్లికి కోయలో చెప్పిన డాక్టర్‌ను మీరెవరైనా చూశారా?

హిమోగ్లోబిన్ జబ్బంటే మన దగ్గర ముందు సికిల్ సెల్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి ఆదివాసుల్లో. ఆదిలాబాద్ గోండుల్లో, భద్రాచలం కోయల్లో ఉంది. విదర్భలో బాబాసాహెబ్ కులమైన మహర్లలోనూ ఉంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం.

ఇక్కడే గడియారం తిరుగుతుంది. ఉమ్మనీటి పరీక్ష సుమారు 16వ వారం నుంచి. 1971 గర్భస్రావ చట్టం గడువు 20 వారాలు. ఆ నాలుగు వారాల్లోనే బస్సు ఛార్జీలు, పోయిన కూలీ, పట్నంలో బస, రిపోర్టు కోసం ఎదురుచూపు. చట్టప్రకారం రిజిస్టరైన కేంద్రంలోనే చేయాలి. మండల ఆస్పత్రిలో ఆ కేంద్రముండదు. కేంద్రం పెట్టమని ప్రభుత్వానికి ఈ చట్టం చెప్పనూ లేదు. నిషేధించడానికి, నియంత్రించడానికి పుట్టిన చట్టమిది. 2021 సవరణ కొందరికి గడువు 24 వారాలు చేసింది. తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు నిర్ణయం. ఆ బోర్డు ముందుకు చేరేదెవరు?

2023 జులై 1న షాదోల్‌లో 2047 నాటికి సికిల్ సెల్ నిర్మూలన అని మిషన్ ప్రారంభించి కార్డులు పంచారు. నిర్మూలన అనే మాటకు నాకు భయం. పరీక్ష అందాలని అడుగుతున్నాం, బిడ్డను కనొద్దని చెప్పమని కాదు. ఆ జబ్బుతో ఇప్పటికే బతుకుతున్న పిల్లలకు రక్తం, హైడ్రాక్సీయూరియా గోళీలు ఎక్కడ దొరుకుతున్నాయో వచ్చే భాగంలో. మీ జిల్లా సంగతి కామెంట్లో రాయండి.

జై భీమ్.