డార్క్ రమ్ము - ఇంట్లోనే మూడు తేలిక కాక్‌టెయిల్స్

మన వీకెండ్ పార్టీల్లో స్కాచ్‌కి ఉన్న మర్యాద రమ్ముకి ఉండదు. "మిలటరీ మందు" అని పక్కన పెట్టేస్తాం. నా మటుకు నాకు ఇంట్లో కాక్‌టెయిల్ కలుపుకోవడానికి డార్క్ రమ్మంత సులువైనది లేదు. వంటింట్లో ఉండే నిమ్మకాయ, అల్లం, బెల్లం దీనికి చక్కగా కుదురుతాయి.

అసలు ఏమిటిది?
చెరుకురసం నుంచి పంచదార తీశాక మిగిలే నల్లటి పాకం మొలాసిస్. ఎక్కువ రమ్ములు దీన్ని పులియబెట్టి, కాచి, ఓక్ పీపాల్లో నిలవ ఉంచి తయారుచేసినవే. రంగు కొంత పీపా వల్ల వస్తుంది. చాలా కంపెనీలు కారమెల్ కూడా కలుపుతాయి. అంచేత నల్లగా ఉన్నదల్లా పాతది కాదు.

ఏది కొనాలి?
1954 నుంచి వస్తున్న మన ఓల్డ్ మాంక్ అమెరికాలోనూ కొన్ని షాపుల్లో దొరుకుతుంది. తియ్యగా, వెనిల్లా వాసనతో ఉంటుంది. జమైకా మైయర్స్, బెర్ముడా గోస్లింగ్స్ బ్లాక్ సీల్ కూడా కలుపుకోవడానికి బాగుంటాయి.

ముందు కొలత
అమెరికా లెక్కలో ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాలు, అంటే 40 శాతం మందు 44 మి.లీ. మన లార్జ్ పెగ్గు 60 మి.లీ. ఓల్డ్ మాంక్ 42.8 శాతం కాబట్టి ఒక్క లార్జ్ దాదాపు ఒకటిన్నర డ్రింకు! పైగా కోక్ తీపిలో ఆ ఘాటు తెలియదు. ఒక చిన్న కొలత గ్లాసు కొనుక్కోండి. కింద అన్నిటికీ రమ్ము 45 మి.లీ. చాలు.

1. క్యూబా లిబ్రే: ఐసు, రమ్ము, 120 మి.లీ. కోక్, రెండు చెంచాల నిమ్మరసం. అసలు పద్ధతిలో తెల్ల రమ్ము వాడతారు, డార్క్‌తో రుచి ఇంకా చిక్కగా ఉంటుంది. నిమ్మరసం మానేస్తే ఉత్త రమ్ము-కోకే.

2. డార్క్ అండ్ స్టార్మీ: గ్లాసు నిండా ఐసు, 100 మి.లీ. జింజర్ బీర్, పైనుంచి రమ్ము మెల్లగా పోయండి. జింజర్ ఏల్ వాడితే అల్లం ఘాటు తగ్గుతుంది.

3. వేడి రమ్ము: 120 మి.లీ. నీళ్ళలో చెంచాడు బెల్లం, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మరిగించండి. పొయ్యి కట్టేసి, కప్పులో పోశాకే రమ్ము, నిమ్మరసం కలపండి. మంట మీద ఆల్కహాలు పోస్తే అంటుకుంటుంది. ఇది జలుబుకి మందని మాత్రం అనుకోకండి.

చివరిగా తాళాల సంగతి
ఒక డ్రింకు ఒంట్లోంచి పోవడానికి సుమారు గంట పడుతుంది. కాఫీ, చన్నీళ్ళ స్నానం ఆ టైమును తగ్గించవు. రక్తంలో ఆల్కహాలు పరిమితి చాలా రాష్ట్రాల్లో 0.08 శాతం, యూటాలో 0.05. వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. 2015 నాటి స్టేట్ డిపార్ట్‌మెంట్ ఆదేశాల ప్రకారం తాగి నడిపిన కేసులో అరెస్టయితే, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేయవచ్చు. అందుకే మా ఇంట్లో గ్లాసు పట్టుకున్నవాళ్ళకి సోఫా కమ్ బెడ్డో, టాక్సీయో. మీరూ గ్లాసులు బయటికి తీసేముందే ఆ ఏర్పాటు చూసుకోండి.