పెట్టెలోని కాగితము – కంప్యూటరులోని పద్దు

1996కు పూర్వము మన దేశమున కంపెనీ వాటా కొన్నవానికి దక్కునది ఒక కాగితము. అమ్మువాడు బదిలీ పత్రముపై సంతకము చేసి యిచ్చును. కొన్నవాడు రెండింటిని కంపెనీకి పంపవలెను. సంతకములో ఒక్క వంపు మారినను అవి తిరిగివచ్చెడివి. టపాలో పోయినవి, దొంగవి వేరు!

ఆ యేడు డిపాజిటరీల చట్టము వచ్చినది, నవంబరులో ఎన్.ఎస్.డి.ఎల్. పని ప్రారంభించినది. వాటాలు కంప్యూటరులో పద్దులైనవి. అయినను పలువురు జంకిరి. చేత పట్టుకొనలేనిది ఆస్తి యెట్లగును? ఈ సందేహమును తెలివితక్కువ యనరాదు. దొంగభయ మున్నను, కాగితము మన పెట్టెలో నున్నదను ధీమా యుండెడిది.

1999 జనవరి నుండి కొన్ని కంపెనీల వాటాలను పద్దులుగనే అమ్మవలెనని సెబీ అందరిని నిర్బంధించినది. 2019 ఏప్రిల్ 1 నుండి కాగితపు వాటాల అమ్మకపు బదిలీని ఆపివేసినది. పాత కాగితములు ఇప్పటికిని కొన్ని యిండ్లలో బయటపడుచున్నవి. వాటిని పద్దులుగ మార్చుకొనవలెనన్నను యజమాని నాటి సంతకము సరిపోవలెను.