ముఖం చూపించని పాత్ర: మన ఊహలకూ ఒక చరిత్ర ఉంది



మన గ్రూపులో కొన్నాళ్లుగా "కల్కి 2898 ఏడీ" రెండో భాగం గురించి వాదనలు జోరుగా సాగుతున్నాయి. కృష్ణుడి ముఖం ఈసారైనా చూపిస్తారా? యాస్కిన్ అసలు ఎవరు? పురాణాల్లో ఉన్నవాడేనా, కొత్తగా పుట్టించినవాడా? పిల్లలు పేజీలకు పేజీలు రాశారు. కొందరు పెద్దలకు విసుగు వచ్చి, సంఘం గ్రూపులో నీటి ట్యాంకరు సంగతి, ఉగాది చందా సంగతి తప్ప ఇలాంటివి ఉండకూడదన్నారు. పిల్లలు గప్‌చుప్ అయిపోయారు. ఆపాలా వద్దా అన్నది కమిటీ తేలుస్తుంది. ఆలోపు ఈ అలవాటు ఎక్కడిదో, ఎంత పాతదో చెప్పాలని మాకు అనిపించింది.

ఇది సినిమావాళ్లు కనిపెట్టిన రోగం కాదండి. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ 1870లో ఒక నవలను నెలకో భాగంగా రాస్తూ, సగంలోనే కన్నుమూశారు. 12 భాగాలు అనుకున్నది 6 దగ్గరే ఆగింది. ఎడ్విన్ డ్రూడ్ అనే కుర్రవాడు మాయమైన కథ అది. అందులో ఉన్నట్టుండి డాచరీ అని తెల్లజుట్టు పెద్దమనిషి ఒకడు ఊళ్లోకి దిగుతాడు. ఆయన ఎవరో, మారువేషంలో వచ్చినవాడో కాదో చెప్పేలోపే రచయిత పోయారు. 150 ఏళ్లు దాటినా పాఠకులు దాని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 1914లో లండన్‌లో రచయితలందరూ చేరి ఆ కథలోని అనుమానితుడి మీద ఉత్తుత్తి కోర్టు విచారణే నడిపారు. చెస్టర్టన్ జడ్జి, బెర్నార్డ్ షా జ్యూరీ పెద్ద. అంత పెద్దవాళ్లు చేసిన పనినే మన పిల్లలు వాట్సాప్‌లో చేస్తున్నారు.

మేము తమిళ మీడియంలో చదువుకున్నాం కాబట్టి మాకు ఇది మరోలా తెలుసు. "కల్కి" అన్న మాట వినగానే మా తరానికి ముందు గుర్తొచ్చేది రచయిత కల్కి కృష్ణమూర్తి గారు. ఆయన "పొన్నియిన్ సెల్వన్" 1950 నుంచి 1954 దాకా కల్కి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆదిత్య కరికాలుణ్ణి చంపింది ఎవరు? నందిని ఎవరి కూతురు? ఆ రెంటికీ రచయిత తేటతెల్లంగా జవాబు చెప్పలేదు. తమిళుల ఇళ్లలో తాతలు మొదలుపెట్టిన వాదం మనవళ్ల దాకా వచ్చింది. ఆ వాదం కోసమే చోళుల శాసనాలు వెతికి చదివినవాళ్లు ఉన్నారు.

సైన్స్ కథల్లో మన బెంగళూరుకే ఒక వాటా ఉంది. సుజాత అనే కలం పేరుతో రాసిన రంగరాజన్ గారు ఇక్కడి భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరు. 1980ల్లో "ఎన్ ఇనియ ఇయంతిరా" అని ఆయన రాసిన తమిళ సీరియల్‌లో జీనో అనే మర కుక్క ఉంటుంది. దేశాన్ని ఏలే జీవా అనే పాలకుడూ ఉంటాడు. అందరూ భయపడే ఆ జీవా ఎవరయ్యా అంటే, మనిషే కాదు, కాంతితో కట్టిన బొమ్మ! వారం వారం పత్రిక కోసం కాచుకున్న పాఠకులకు అది ఎలాంటి దెబ్బో ఊహించుకోండి.

మన తెలుగులో సైన్స్ సినిమాకు పెద్దపీట వేసింది సింగీతం శ్రీనివాసరావు గారి "ఆదిత్య 369". 1991లో వచ్చింది. కాలయంత్రం ఎక్కి రాయల కాలానికీ, అక్కణ్ణుంచి 2504కీ వెళ్లే కథ. ఆ సింగీతం గారే తర్వాత నాగ్ అశ్విన్ సినిమాకు మార్గదర్శిగా కూర్చున్నారు. అంటే తాడు తెగలేదు.

ఇక కట్టప్ప. 2015 జులై 10న "బాహుబలి" మొదటి భాగం ఆఖరున కట్టప్ప కత్తి దూశాడు. 2017 ఏప్రిల్ 28 దాకా, దాదాపు 21 నెలలు, దేశమంతటికీ ఒకటే ప్రశ్న. అది సైన్స్ కథ కాదు గానీ, తెలుగు పాత్ర గురించి కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మాట్లాడుకోవడం అప్పుడే చూశాం. జవాబు వచ్చే ముందు మన ఊళ్లో ఏమైందో కూడా గుర్తు చేసుకోవాలి. కట్టప్పగా వేసిన సత్యరాజ్ గారు తొమ్మిదేళ్ల కిందట నీళ్ల తగాదాలో అన్న మాటల మీద కన్నడ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. విడుదల రోజున బంద్ అన్నాయి. రాజమౌళి గారు కన్నడంలోనే మాట్లాడి ఒక వీడియో పెట్టారు. సత్యరాజ్ గారు విచారం తెలిపారు. గొడవ సద్దుమణిగింది. తెలుగు సినిమా, తమిళ నటుడు, కన్నడ నేల. ఇలాంటి చోట ఉంటున్న మనం ఏది పంపినా ఒక్క క్షణం ఆలోచించాలని ఆ ఏప్రిల్ నెల నేర్పింది.

"కల్కి"కి వద్దాం. మొదట దాని పేరు "ప్రాజెక్ట్ కె". ఆ "కె" అంటే ఏమిటి అన్నదే మొదటి పొడుపుకథ. 2023 జులైలో అమెరికాలో, శాన్ డియాగో కామిక్ కాన్‌లో పేరు విప్పారు. 2024 జూన్ 27న సినిమా వచ్చింది. కమల్ హాసన్ గారి యాస్కిన్ తెర మీద ఉన్నది కాసేపే. చివర్లో గాండీవం పట్టుకునేసరికి కొత్త ప్రశ్నలు పుట్టాయి. కృష్ణుడికైతే ముఖమే చూపించలేదు. ఆ వేషం వేసింది కృష్ణకుమార్ అనే తమిళ నటుడని తర్వాత తెలిసింది.

ఇక్కడే మేము ఒక తేడా చూస్తున్నాం. డాచరీ, నందిని, జీవా కాలంలో ప్రశ్న "ఆ పాత్ర ఎవరు?" అని. ఇప్పుడు సగం చర్చ "ఆ వేషం ఎవరు వేస్తున్నారు?" అని. మొదటి ప్రశ్నకు జవాబు కథలో వెతకాలి, బుర్ర పెట్టాలి. రెండోదానికి జవాబు నిర్మాత దగ్గర ఉంటుంది, మనం ఎంత ఆలోచించినా తేలదు. అందుకే అక్కడ పుకార్లు పుడతాయి, కంప్యూటర్‌తో చేసిన దొంగ పోస్టర్లు తిరుగుతాయి, ఒక హీరో అభిమానులు ఇంకో హీరోను తిట్టడం మొదలవుతుంది. కృష్ణుడికి ముఖం లేకపోవడం మాకు నచ్చింది కూడా ఇందుకే. ముఖం ఉంటే నటుణ్ణి చూస్తాం, లేకపోతే కృష్ణుణ్ణి తలుచుకుంటాం.

ఇప్పుడు పెద్దలకు మా మనవి. హూడిలో మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, కన్నడం చదువుతారు, ఆటస్థలంలో హిందీ మాట్లాడతారు. తెలుగు ఇంటి గడప దాటదు. బడిలో తెలుగు అక్షరం దిద్దని మాకు ఆ లోటు ఎలా ఉంటుందో తెలుసు. సినిమా గోడపత్రికలూ, వారపత్రికలూ కూడబలుక్కుని చదువుకున్నవాళ్లం మేము. ఆ వాదనలు ఒకసారి మళ్లీ చదవండి. అశ్వత్థామ నుదుటి మణి ఎలా పోయింది, కృష్ణుడు ఎందుకు శపించాడు, కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అని పిల్లలు తప్పొప్పుల తెలుగులోనే కొట్లాడుకున్నారు. సౌప్తిక పర్వం తెరవడానికి ఇంతకంటే మంచి సాకు మనం ఇవ్వగలమా?

కాబట్టి ఆపవద్దండి. ఒక్క నియమం పెట్టుకుందాం. పాత్ర గురించి ఎంతైనా రాయండి, తెలుగులో రాయండి. వేషం ఎవరిదన్న పుకారు, లీక్ అన్న బొమ్మ మాత్రం పంపవద్దు. భారతం తెలిసిన పెద్దలు ఊరుకోకుండా జవాబు రాయండి. పిల్లలు అడిగినప్పుడే చెప్పాలి, రేపు అడుగుతారో లేదో.

ఇట్లు,
మీ సంఘ సభ్యులం