చిల్లర పని చెప్పిన చదువు

కంపెనీ దొరల కాలంలో కలెక్టరు కచ్చేరీల్లో జీతం లేని మనుషులు కొందరు ఉండేవారు. వాళ్లను ఉమేదువార్లు అనేవారు. గుమాస్తా పక్కన కూర్చుని అర్జీలకు నకళ్లు తీస్తూ, దస్త్రాలు మోస్తూ, ఎప్పటికో ఖాళీ అయ్యే ఒక కొలువు కోసం ఏళ్ల తరబడి కాచుకునేవారు. అన్నాళ్లూ వాళ్లను పోషించింది ఇంటివాళ్లే. కాబట్టి తిండికి కొదవ లేని ఇంట పుట్టినవాడికే, లోపల చుట్టం ఉన్నవాడికే ఆ అవకాశం దక్కేది. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకు సర్కారు కొలువుల్లో పెద్దపీట వేయాలని 1844లో గవర్నరు జనరల్ హార్డింజ్ తీర్మానించాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. అప్పటి నుంచి, కనీసం కాగితం మీద, చుట్టరికం ఉన్న చోటికి పట్టా వచ్చి కూర్చుంది. అయితే పట్టా లోపలికి పోనిచ్చిందే గాని పని నేర్పలేదు. ఇంగ్లీషు నాటకాలు కంఠతా పట్టినవాడికి శిస్తు బకాయిల జాబితా వేయడం కచ్చేరీలో నాలుగు నెలలు తిట్లు తిన్నాకే వచ్చేది. అప్పటి నుంచి ఇప్పటిదాకా మన పట్టభద్రుల చరిత్రలో ఈ సంగతి మారలేదు. పని నేర్పుతున్నది మొదటి ఉద్యోగంలో పైవాళ్లు విదిల్చే చిల్లర పనే. మారుతూ వచ్చిందల్లా ఆ నేర్చుకునే కాలానికి ఖర్చు ఎవరు భరించారన్నదే. ఏఐ ఉద్యోగాలను మింగుతుందా, కొత్తవి పుట్టిస్తుందా అని ఇప్పుడు జరుగుతున్న వాదంలో ఈ ఖర్చు ప్రస్తావన దాదాపు వినబడదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఖర్చును కుటుంబమూ సర్కారూ పంచుకున్నాయి. కుటుంబం వంతు టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయేది. తాలూకా కచ్చేరీ ఉన్న ఊళ్లో బస్టాండుకో కోర్టుకో దగ్గరలో, మేడ మీది గదిలో అలాంటిది ఒకటుండేది. పొద్దున్నే మొదలై రాత్రి దాకా గంటకో బ్యాచి. రెమింగ్టన్ మిషన్లు, 1955 తరవాత స్వదేశీ గోద్రెజ్‌వి కూడా. మొదటి వారాలన్నీ ఏ, ఎస్, డి, ఎఫ్ మీద వేళ్లు తిప్పడమే. లోయర్ పాసవ్వాలంటే నిమిషానికి 30 ఇంగ్లీషు మాటలు, హయ్యరుకు 45. తెలుగు టైపుకు వేరే పరీక్ష. ఓపికున్నవాళ్లు పిట్‌మన్ షార్ట్‌హ్యాండు కూడా పట్టేవారు. బి.ఏ., బి.కాం. పట్టాకు ఆ సర్టిఫికెట్టు జతపడితే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డుకు కాస్త విలువ వచ్చేది. ఇక సర్కారు వంతు ఉద్యోగం వచ్చాక మొదలయ్యేది. టైపిస్టుది యాంత్రికమైన పని అని తేలిగ్గా అంటాం గాని, ఆఫీసులో రాసిన ప్రతి ముసాయిదా ఆ వేళ్ల కింది నుంచే పోవాలి. మెమోకూ డి.ఓ. లెటరుకూ తేడా ఏమిటి, ఏ ఫైలు ఏ సెక్షనుకు పోవాలి, ఆఫీసరు ఏ మాట కొట్టేసి దాని బదులు ఏ మాట పెట్టాడు, ఎందుకు పెట్టాడు అన్నది ఏ కాలేజీలోనూ చెప్పని పాఠం. స్టెన్సిలు కోస్తూ, కార్బను కాగితాలు మారుస్తూ ఆ పాఠం నేర్చుకున్నవాళ్లే తరవాత అసిస్టెంట్లై, సూపరింటెండెంట్లై కొత్త ఆఫీసర్లకు ఆఫీసు నడపడం నేర్పారు. ఇల్లు దాటి ఉద్యోగానికి బయల్దేరిన తొలితరాల ఆడపిల్లలకు బడిపంతులమ్మ, నర్సు కొలువుల తరవాత దొరికిన దారి కూడా టైపే. పట్టభద్రుల చరిత్ర రాసేవాడు ఏ విశ్వవిద్యాలయం కన్నా ముందు ఆ మేడ మీది గదుల గురించి రాయాలి.

అంతమాత్రాన అప్పట్లో అందరికీ సాఫీగా సాగిందని కాదు. 1969లో తెలంగాణ విద్యార్థులు రోడ్డెక్కడానికి ఉన్న కారణాల్లో ముల్కీ నిబంధనల ఉల్లంఘన, అంటే స్థానికులకు దక్కాల్సిన కొలువులు దక్కకపోవడం, ముఖ్యమైనది. సరిగ్గా అదే ఏడు బ్లాగ్, లేయార్డ్, వుడ్‌హాల్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు భారతదేశంలో పట్టభద్రుల నిరుద్యోగానికి కారణాలేమిటో పరిశీలించి ఒక పుస్తకమే వేశారు. ఉద్యోగం కోసం ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చినా, చదవనివాడి సంపాదనతో పోల్చుకుంటే డిగ్రీ చివరికి గిట్టుబాటవుతుంది, కాబట్టి వరస పెరుగుతూనే ఉంటుంది అన్నది అందులోని సారాంశం. ఇప్పటి లెక్కలు చూసినా వరస తరిగినట్టు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో మన దేశపు యువ పట్టభద్రుల్లో నిరుద్యోగులు 29.1 శాతం, చదవడం రాయడం రాని యువతలో 3.4 శాతం. చదువు లేనివాడికి ఆగే స్తోమతు లేదు, దొరికిన పని చేస్తాడు.

యంత్రం వచ్చినప్పుడల్లా ఇలాంటి గోలే జరిగింది, తీరా చూస్తే ఉద్యోగాలు పెరిగాయి అని వాదించేవాళ్లు సాధారణంగా బ్యాంకులను చూపిస్తారు. 1983లో బ్యాంకు యాజమాన్యాలకూ సంఘాలకూ మధ్య యంత్రాల మీద ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ కంప్యూటర్ల దారి చూపించింది. వాటి వల్ల గుమాస్తాలెవరూ వీధిన పడలేదు. ఇదంతా నిజమే గాని, వాళ్లు కుర్చీలో ఉన్నవాళ్ల వైపు చూస్తున్నారు, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ల వైపు చూడటం లేదు. 2000-01లో ప్రభుత్వ బ్యాంకుల్లో లక్షమంది దాకా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. 2001లో బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులను ఎత్తేశారు. గుమాస్తాల భర్తీ ఏళ్లపాటు పలచబడిపోయింది. బ్యాంకు కొలువుల భర్తీకి ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష 2011లో గాని మొదలు కాలేదు. ఆ పదేళ్లలో ఇరవై రెండేళ్లు నిండిన బి.కాం. కుర్రాడికి ఉద్యోగం పోలేదు, ఎందుకంటే అతనికి అసలు రాలేదు. రాని ఉద్యోగానికి సంఘం ఉండదు, సమ్మె ఉండదు. కొత్త కొలువులు పుట్టిన మాట కూడా నిజమే, కాని అవి వేరే ఊళ్లో, వేరే చదువు చదివినవాళ్ల కోసం పుట్టాయి.

ఆ వేరే ఊరు మనకు హైదరాబాదు. 1987లో సత్యం కంప్యూటర్స్ మొదలైంది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వైటూకే భయంతో అమెరికా కంపెనీలకు పాత ప్రోగ్రాములు సరిచేసే చేతులు వేలల్లో కావలసివచ్చాయి. అమెరికాలో పని చేయడానికిచ్చే హెచ్-1బి వీసాల ఏటి పరిమితి 65,000 నుంచి 1,15,000కు, అక్కణ్నుంచి 1,95,000కు పెరిగి, 2004లో మళ్లీ మొదటికి వచ్చింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వారసురాలిగా అమీర్‌పేట వెలసింది. మైత్రీవనం చుట్టూ బోర్డు మీద బోర్డు, ఉచిత డెమో క్లాసు, జిరాక్సు నోట్సు, మూడు నెలల్లో జావా, ఆ తరవాత టెస్టింగ్ టూల్స్, ఆ తరవాత ఏది నడిస్తే అది. దొంగ అనుభవం సర్టిఫికెట్లూ అక్కడే దొరికాయి, అది వేరే చరిత్ర. ఇక్కడ చూడాల్సింది లెక్క ఎవరు కట్టారన్నది. కంపెనీ ఫ్రెషర్లను వందల్లో తీసుకుని, కొన్నాళ్లు బెంచి మీద కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చి, తరవాత ప్రాజెక్టులో వేసి గంటల లెక్కన క్లయింటుకు బిల్లు వేసేది. కింద ఫ్రెషర్లు విస్తారంగా, పైకి పోయేకొద్దీ సీనియర్లు కొద్దిగా ఉంటేనే ఆ లెక్క లాభసాటి. అంటే మన పిల్లలు బగ్గులు సరిచేస్తూ, టెస్ట్ కేసులు రాస్తూ, రాత్రిళ్లు సపోర్టు టిక్కెట్లు మూస్తూ పని నేర్చుకున్న కాలానికి ఖర్చు భరించింది ఎక్కడో అట్లాంటిక్ అవతలి బ్యాంకో బీమా కంపెనీయో. మన పట్టభద్రుల చరిత్రలో ఇంత ఉదారంగా ఎవరూ పోషించలేదు, ఆ ఉదారత వెనక లాభం ఉన్నా సరే. 2008 తరవాత ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజనీరింగు కాలేజీలు ఏడొందల దరిదాపుకు చేరడానికి ధైర్యమిచ్చిందీ ఆ పోషణే. అయితే పదేళ్లకు పైగా ఫ్రెషరు జీతం ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయిందంటే, ధరలు పెరిగిన మేరకు ఆ ఖర్చు మళ్లీ ఇంటి మీదికి జారుతూ వచ్చిందన్నమాట. ఏఐ పేరు ఇంకా ఎవరి నోటా నానక ముందే ఇది మొదలైంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. 2023-24లో టీసీఎస్ సిబ్బంది 13,249 మంది తగ్గారు, 2004లో షేర్ మార్కెట్లోకి వచ్చాక ఆ సంస్థలో ఏడాది మొత్తమ్మీద తగ్గుదల అదే మొదటిసారి. ఇన్ఫోసిస్‌లో 26,000 దాకా తగ్గారు. దీన్నంతా ఏఐ ఖాతాలో రాయడం తొందరపాటు. కరోనా తరవాతి ఊపులో టీసీఎస్ ఒక్క ఏడాదిలోనే లక్షమంది ఫ్రెషర్లను తీసుకుంది, ఆపైన అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగి క్లయింట్లు చేతులు ముడుచుకున్నారు. ఈ అభ్యంతరానికి బలముంది. కాని 2025లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికా జీతాల పట్టీలు తిరగేసినప్పుడు కంపెనీ స్థాయి ఒడుదొడుకులను పక్కకు తీసినా ఒక తేడా మిగిలింది. ఏఐ ఎక్కువగా సోకే వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉద్యోగాలు మిగతావాళ్లతో పోలిస్తే 13 శాతం తగ్గాయి, అవే వృత్తుల్లో పెద్ద వయసువాళ్లకు ఆ దెబ్బ తగల్లేదు. అది అమెరికా లెక్క. అయినా మన దగ్గర బగ్గు, టెస్ట్ కేసు, టిక్కెట్టు అన్నవే ఏఐ ముందుగా చేయగలిగిన పనులు కాబట్టి దెబ్బ ఎటు నుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. దీనికి ముందే ఒక చిన్న నమూనా చూశాం. అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఒకప్పుడు హైదరాబాదులో డిగ్రీవాళ్లకు మంచి ఉపాధి. మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేరు వచ్చాక ఆ పని చాలావరకు యంత్రం రాసినదాన్ని దిద్దడంగా కుంచించుకుపోయింది. దిద్దాలంటే ముందు రాయడం తెలియాలి. ఆ రాయడం కొత్తవాడు ఎక్కడ నేర్చుకోవాలి?

కాలేజీలు సరిగ్గా చెబితే ఈ గొడవే ఉండదని పరిశ్రమ పెద్దలు అంటారు. కాలేజీలు ఏనాడూ చెప్పలేదు, 1990ల్లోనూ చెప్పలేదు, అయినా అప్పట్లో పెద్దగా ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే చెప్పే ఖర్చు క్లయింటు బిల్లులో కలిసిపోయింది. ఇప్పుడా బిల్లు పలచబడేసరికి జీతం లేని ఇంటర్న్‌షిప్పులూ, ఎదురు డబ్బు కట్టి చేరే శిక్షణలూ పుట్టుకొస్తున్నాయి. కచ్చేరీ ఉమేదువారీకి ఇది ఇంగ్లీషు పేరు. మళ్లీ తిండికి కొదవ లేని ఇంటి బిడ్డకే చోటు.

ఇందుకు విరుగుడుగా పనికొచ్చే చట్టం ఒకటి ఉంది. 1961 నాటి అప్రెంటిసుల చట్టంలోకి 1973లో ఇంజనీరింగు పట్టభద్రులను, 2014 సవరణతో మిగతా పట్టభద్రులను తెచ్చారు. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిసులను పెట్టుకోవాలి. ఆ నిబంధనల్లో పట్టభద్రుడికి కనీస భృతి నెలకు 9,000 రూపాయలుగా పెట్టారు, అందులో సగం కేంద్రం ఇస్తుంది. హైదరాబాదులో హాస్టలు కట్టి తిండి తినేసరికి ఆ డబ్బు మిగలదు కాబట్టి ముందు భృతి పెరగాలి. నేర్చుకున్నవాడు పక్క కంపెనీకి ఎగిరిపోతాడు, మేమెందుకు పెట్టాలి అని యాజమాన్యాలు అడుగుతాయి. బెంచి రోజుల్లోనూ ఆ భయం ఉంది, అందుకే బాండ్లు రాయించుకున్నారు. ఒక్క కంపెనీ పెడితే ఆ భయం నిజమవుతుంది. రెండున్నర శాతం అందరి మీదా ఒకేసారి కచ్చితంగా అమలైతే, ఈ కంపెనీ నేర్పినవాడు అటు పోతాడు, అక్కడ నేర్చుకున్నవాడు ఇటు వస్తాడు.