కోడి పన్ను, రోడ్డు ఉప్పు, ఓ పికప్ ట్రక్కు

అమెరికాలో పాత పికప్ ట్రక్కు కొనేవాళ్ళు ముందుగా అడిగేది ఇంజను గురించే. ఎన్ని మైళ్ళు తిరిగింది, ఆయిలు కారుతోందా, గేర్‌బాక్సు బావుందా... టొయోటా టకోమా దగ్గర మాత్రం ఈ ప్రశ్నలతో పెద్దగా పని లేదు. ఇంజను మామూలుగా బాగానే ఉంటుంది. మూడు లక్షల మైళ్ళు తిరిగిన టకోమాలు ఇప్పటికీ రోడ్ల మీద కనిపిస్తున్నాయి. ముందు చచ్చేది దాని కింద ఉండే ఇనప చట్రం, అదే ఫ్రేము. రిపేరు ఖర్చుల చరిత్రలో ఇంతకన్నా విచిత్రమైన కథ నాకు ఇంకోటి కనపళ్ళేదు.

కథ కోళ్ళతో మొదలవుతుంది. నిజంగానే! 1960ల మొదట్లో అమెరికా నుంచి చవగ్గా వచ్చిపడుతున్న కోడిమాంసం మీద పశ్చిమ యూరపు దేశాలు సుంకం పెంచాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ బ్రాందీ లాంటి కొన్ని సరుకులతో పాటు చిన్న ట్రక్కుల మీద 25 శాతం దిగుమతి సుంకం వేశాడు. కోళ్ళ గొడవ జనం మర్చిపోయారు, ట్రక్కుల సుంకం మాత్రం దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. "ఇప్పటికి ఇలా కానిచ్చేద్దాం" అని రాసిన కోడు పదేళ్ళు ప్రొడక్షన్లో ఉండిపోవడం మనకేం కొత్త కాదు కదా :)

ఆ సుంకం తప్పించుకోవాలంటే ట్రక్కుని అమెరికాలోనే తయారుచెయ్యాలి. జనరల్ మోటార్స్‌తో కలిసి 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మొదలుపెట్టిన న్యూమీ ఫ్యాక్టరీలో టొయోటా 1990ల నుంచి పికప్పులు కూడా చేసింది, 1995లో వచ్చిన టకోమాతో సహా. (అవును, తెలుగువాళ్ళు బోలెడుమంది ఉండే ఆ ఫ్రీమాంటే. 2010లో ఫ్యాక్టరీ మూతపడ్డాక టెస్లా కొనుక్కుంది.) ఫ్రేములు మాత్రం డేనా అనే అమెరికన్ కంపెనీ దగ్గర కొనేది.

ఇక ఉప్పు సంగతి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం అక్కడ 1940ల తొలినాళ్ళలో న్యూ హాంప్‌షైర్‌లో మొదలై, యుద్ధం అయ్యాక చలి రాష్ట్రాలన్నింటికీ పాకింది. ట్రక్కు ఫ్రేములో కొంత భాగం నాలుగువైపులా మూసిన డబ్బాలా ఉంటుంది. ఉప్పు కలిసిన బురద చిల్లుల్లోంచి లోపలికి పోయి అక్కడే కూర్చుంటుంది. పూత సరిగ్గా పట్టకపోతే తుప్పు లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, సుత్తితో కొడితే పెచ్చులూడుతుంది. ఆ చిల్లు పడే చోటు ఒక్కోసారి వెనక కమాన్ కట్టలు బిగించే దగ్గరే. అక్కడ విరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మరి ఫ్రేము మార్చేస్తే పోలా? ఖర్చంతా అక్కడే ఉంది. ఫ్రేము అంటే బండిలో ఒక పార్టు కాదు, మిగతా పార్టులన్నీ దానికి వేలాడతాయి. క్యాబిన్, వెనక బెడ్డు, ఇంజను, ఇరుసులు, స్టీరింగు, పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు అన్నీ విప్పాలి. అంత తుప్పు పట్టిన బండిలో బోల్టులు తిరగవు, విరుగుతాయి. పైపులు ముట్టుకుంటే పోతాయి. ఫ్రేము కోసం వెళ్ళినవాడికి ఇంకో ఇరవై వస్తువుల బిల్లు తగులుతుంది. వెల్డింగుతో అతుకేద్దామంటే అతుకు పట్టడానికి చుట్టూ మంచి ఇనుము ఉండాలి కదా. పైగా ఏటేటా తనిఖీ చేసే కొన్ని రాష్ట్రాల్లో ఫ్రేముకి చిల్లుంటే బండిని పాస్ చెయ్యరు.

2008లో టొయోటా 1995-2000 టకోమాల ఫ్రేములకి తుప్పు వారంటీని 15 ఏళ్ళకి పెంచింది. ఫ్రేము పోయిన బండికి, కెల్లీ బ్లూ బుక్ ధరకి ఒకటిన్నర రెట్లిచ్చి వెనక్కి తీసుకుంది! అంటే ఆరు వేల డాలర్ల బండికి తొమ్మిది వేలు. భద్రంగా కడిగి దాచుకున్నవాడి ట్రక్కు కన్నా, చిల్లులు పడ్డవాడి ట్రక్కుకే ఎక్కువ ధర పలికిందన్నమాట. మరుసటేడు 2000-2003 టండ్రాల్లో స్పేరు టైరు బిగించే చోటు తుప్పు పట్టి టైరు రోడ్డు మీద పడిపోయే ప్రమాదం ఉందని, 20 చలి రాష్ట్రాల్లో సుమారు 1,10,000 బండ్లని వెనక్కి పిలిచారు. 2011లో డేనా రెండున్నర కోట్ల డాలర్లు టొయోటాకి కట్టి తన వంతు గొడవ వదిలించుకుంది.

2016లో అసలు పెద్ద రాజీ కుదిరింది. తప్పు మాది అని టొయోటా ఒప్పుకోలేదు గానీ, 2005-2010 టకోమాలు, 2007-08 టండ్రాలు, 2005-08 సెకోయాలు కలిపి దాదాపు 15 లక్షల బండ్లకి తనిఖీ, చిల్లు 10 మిల్లీమీటర్లు దాటితే కొత్త ఫ్రేము. మొత్తం విలువ 340 కోట్ల డాలర్ల దాకా అని లెక్కగట్టారు. ఒక్కో ఫ్రేము మార్పిడికి వేసిన ఖర్చు సుమారు 15,000 డాలర్లు. వెనక్కి భాగించి చూడండి, నూటికి 15 బండ్లకి ఫ్రేము పోతుందన్న అంచనా కనిపిస్తుంది. ఇంజనీరింగులో ఇది చిన్న పొరపాటు కాదు. పూత మీద అప్పుడు పెట్టాల్సిన ఖర్చు దీనిముందు ఎంతని? నా ఉద్దేశంలో ఇది తుప్పు కథ కన్నా, ఎవరూ లోపలికి తొంగిచూడని పార్టు కథ.

ఆ రాజీలో హామీ బండి మొదట అమ్మిన రోజు నుంచి 12 ఏళ్ళు. 2010 బండ్లకి కూడా అది దాటిపోయింది. కాబట్టి ఇవాళ 2008 టకోమా కొన్నవాడికి ఫ్రేము పోతే ఆ 15,000 అతని జేబులోంచే, చాలాసార్లు అది ట్రక్కు ధర కన్నా ఎక్కువ. అందుకే అరిజోనాలో, కాలిఫోర్నియాలో తిరిగిన పాత బండ్లకి ఎక్కువ ధర చెప్తారు, అడిగినంత ఇవ్వడంలో తప్పు లేదు. కొనేముందు బండి ఏయే రాష్ట్రాల్లో రిజిస్టరయిందో చూడండి. అడుగున కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో అడగండి. లిఫ్టు ఎక్కించి, వెనక చక్రాల ముందు ఫ్రేముని స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి.