మూల నక్షత్రం, మహబూబ్ వలీ, ఒక మంగళవారం



మొన్న చలికాలంలో మా ఆపా కూతురికి ఒక రిష్తా వచ్చింది. శ్రీకాకుళం వైపు ఖాన్దాన్. దీన్‌దార్ మనుషులు. కట్నం మాట ఎత్తలేదు. మా భాంజీ కూడా తల ఊపింది. అంతా బాగుందనుకుని చాయ్ తాగుతుంటే అబ్బాయి అమ్మీ మెల్లగా ఒక మాట అడిగారు. "పిల్ల పుట్టిన టైం చెబుతారా? మాకేం అలాంటి నమ్మకాలు లేవు. మా వీధిలో సిద్ధాంతిగారున్నారు, మంచి మనిషి, ఊరికే ఓసారి చూపిద్దామని."

మా ఇంట్లో ఒక్కసారిగా ఖామోషీ.

టైం ఎవరికి తెలుసు? ఆ పిల్ల పుట్టింది గాలివాన రాత్రి. కరెంటు లేదు. ఫజర్ అజాన్‌కి ముందు పుట్టిందని మాత్రమే ఆపాకి గుర్తు. మా తమ్ముడు ఫోన్‌లో పంచాంగం తీసి ఆ తారీఖు చూశాడు. సరిగ్గా ఆ రాత్రే చంద్రుడు జ్యేష్ఠ దాటి మూలలోకి వెళ్ళాడట. మన ఊళ్ళల్లో అందరికీ తెలిసిన మాటే ఇది: మూలలో పుట్టిన కోడలు మామగారికి మంచిది కాదు, జ్యేష్ఠలో పుట్టినది బావగారికి మంచిది కాదు. అప్పుడు మా ఫుప్పా ఒక సలహా ఇచ్చారు. "అబ్బాయికి అన్నలు లేరు కదా. ఒక గంట ముందు పుట్టిందని చెప్పేద్దాం. జ్యేష్ఠ అయిపోతుంది. ఎవరికీ నష్టం లేదు."

అందరూ నవ్వారు. ఆపా నవ్వలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ జాతకం అనేది మన ప్రాంతంలో మన చరిత్రతో ఎలా ముడిపడి వచ్చిందో రాయాలనిపించింది.

ముందు విజయనగరం కోట కథ. ఆ ఊళ్ళో పెద్దలెవరినడిగినా చెబుతారు. కోట కట్టకముందు అక్కడంతా అడవి. ఆ అడవిలో మహబూబ్ వలీ అనే ఫకీర్ ఇబాదత్ చేసుకుంటూ ఉండేవారు. పూసపాటి విజయరామరాజుకి కోట ఎక్కడ కట్టాలో, ఏ రోజు మొదలు పెట్టాలో చెప్పింది ఆయనేనని రివాయత్. ఆ ముహూర్తంలో అయిదు విజయాలు కలిశాయంటారు. రాజు పేరులో విజయం, ఊరి పేరులో విజయం, సంవత్సరం విజయ నామం, తిథి విజయదశమి, వారం మంగళవారం, అంటే జయవారం. సన్ 1713.

ఒక రాజ్‌పుత్ రాజావారి కోటకి ఒక ముసల్మాన్ ఫకీర్ జాగా చూపించడం, ఆ మాట మూడు వందల ఏళ్ళుగా హిందువులే ప్రేమగా చెప్పుకుంటూ రావడం మనకి గర్వంగా ఉంటుంది. ఉండాలి కూడా. కానీ హదీసు ఇల్మ్ మనకి నేర్పిన అదబ్ ఒకటుంది. రివాయత్ ఎంత తియ్యగా ఉన్నా పరీక్షకి పెట్టాలి. అందుకే నేను కూర్చుని లెక్క కట్టాను.

సంవత్సరం ఖచ్చితంగా సరిపోయింది. 2013 విజయ నామ సంవత్సరం. అరవై ఏళ్ళ చొప్పున వెనక్కి వెళితే 1953, 1893, 1833, 1773, 1713. బాగుంది. తర్వాత చంద్రుడు. ఆ ఏడు ఆశ్వయుజ మాసానికి ముందు అమావాస్య సెప్టెంబర్ 20 దగ్గర పడింది. దశమి సెప్టెంబర్ 29 దగ్గర. అది మంగళవారం కాదు, శుక్రవారం. ఒక రోజు అటూ ఇటూ అనుకున్నా మంగళవారం మాత్రం రాదు. ఇంకో సంగతి చూసి నేనే ఆశ్చర్యపోయాను. అదే అమావాస్య తర్వాత కనబడిన నెలవంక హిజ్రీ 1125 రంజాన్ చాంద్. అంటే ఆ విజయదశమి నాడు ఫకీర్ సాహెబ్‌కి ఎనిమిదో తొమ్మిదో రోజా అయి ఉండాలి.

దీంట్లో నాకు అర్థమైంది ఏమిటంటే, అయిదు విజయాల్లో కొన్ని కోటకి ముందు ఉన్నవి, కనీసం ఒకటి కోట నిలబడి గెలిచాక వచ్చి చేరింది. కోట ఓడిపోయి ఉంటే ఆ ముహూర్తాన్ని ఎవరూ గుర్తు పెట్టుకునేవారు కాదు. ముహూర్తం విజయాన్ని తేలేదు. విజయమే తనకో ముహూర్తాన్ని తయారు చేసుకుంది. జాతకాలు చదవడంలో కూడా ఎక్కువసార్లు జరిగేది ఇదే.

ఇది మన హిందూ సోదరుల ఒక్కరి కథ కాదు. ఖలీఫా మన్సూర్ సన్ 762లో బగ్దాద్ నగరానికి పునాది వేసినప్పుడు ఘడియ నిర్ణయించింది నజూమీలే. వాళ్ళలో నౌబఖ్త్ ఇరానీ, మాషాఅల్లాహ్ యహూదీ. అల్‌బిరూనీ 1030 ప్రాంతంలో హిందూస్తాన్ గురించి రాసిన కితాబులో ఆఖరి బాబ్ మొత్తం ఇక్కడి జ్యోతిషానికే ఇచ్చాడు. రాశులు, గ్రహాలు, భావాలు ఎలా చదువుతారో ఇన్సాఫ్‌తో వివరించాడు. అక్బర్ బాదుషా పుట్టుక గురించి రాస్తూ అబుల్ ఫజల్ అక్బర్‌నామాలో ఒకటి కాదు, వేరువేరు పద్ధతుల్లో కట్టిన జాతకాలు పెట్టాడు.

ఇల్మ్ ఒకవైపే ప్రయాణం చేయలేదు. సంస్కృత జ్యోతిషంలో తాజికం అనే శాఖ ఉంది. ఏటేటా కట్టే వర్షఫలాల లెక్క అది. తాజిక అనే మాటే అరబ్బుల్నీ ఇరానీల్నీ ఉద్దేశించినది. 1587లో నీలకంఠుడు రాసిన తాజిక నీలకంఠి చూడండి. ఇత్థశాల యోగం మన ఇత్తిసాల్. ఈసరాఫం మన ఇన్సిరాఫ్. ఇక్కవాలం మన ఇఖ్‌బాల్. సహమం మన సహ్మ్. అరబ్బులకంటే ముందు యూనానీలు వచ్చారు. జాతకంలో కేంద్రం అనే మాట వాళ్ళదే. కాబట్టి "ఇది పూర్తిగా వాళ్ళది, ఇది పూర్తిగా మనది" అని గీత గీయడం తారీఖ్ తెలిసినవాడికి కుదరదు.

ఇప్పుడు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. బిడ్డ పుట్టిన క్షణంలో తూర్పు దిక్కున ఏ రాశి ఉదయిస్తోందో అది లగ్నం. రోజులో పన్నెండు రాశులూ తిరుగుతాయి కాబట్టి సుమారు రెండు గంటలకొకసారి లగ్నం మారుతుంది. లగ్నం నుంచి పన్నెండు భావాలు: తనువు, ధనం, సోదరులు, ఇలా ఏడోది పెళ్ళి, పదోది పని. చంద్రుడు ఇరవై ఏడు నక్షత్రాల్లో దేంట్లో ఉంటే అది జన్మ నక్షత్రం. దాన్ని బట్టి దశలు. మొత్తం 120 ఏళ్ళు. కేతువుకి 7, శుక్రుడికి 20, సూర్యుడికి 6, చంద్రుడికి 10, కుజుడికి 7, రాహువుకి 18, గురువుకి 16, శనికి 19, బుధుడికి 17.

లెక్క ఎంతో పద్ధతిగా ఉంది. గణితం వరకు సిద్ధాంతుల మెహనత్‌ని తక్కువ చేసి మాట్లాడడం నాఇన్సాఫీ. గ్రహణం ఎప్పుడు పడుతుందో వాళ్ళు తాళపత్రాల మీద లెక్కకట్టి చెప్పేవారు. కానీ చిక్కు మొదటి మెట్టులోనే ఉంది. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది. శుక్ర దశ ఇరవై ఏళ్ళు ఆ ఒక్క రోజులో సర్దుకోవాలి. అంటే పుట్టిన టైంలో ఒక గంట పొరపాటు పడితే ఫలితం దాదాపు పది నెలలు జరిగిపోతుంది. పాత జమానాలో ఇంట్లో గడియారం ఎక్కడిది? గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. మంత్రసాని బయటికొచ్చి చెప్పేదాకా ఎన్ని గడియలు గడిచాయో ఎవరు రాశారు? మా ఆపాకున్నట్టే వాళ్ళకీ "కోడి కూసే వేళ", "దీపాలు పెట్టాక" ఇవే ఆధారాలు.

ఇక ఫుప్పా సలహా. అది కొత్తది కాదు. పెళ్ళి కుదరాలనుకుంటే జాతకం కుదురుతుంది, వద్దనుకుంటే కుదరదు. ఈ సంగతిని విజయనగరంలో ఉండి లోకానికి చూపించినవారు గురజాడ అప్పారావుగారు. కన్యాశుల్కం నాటకం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. ఆ మొదటి కూర్పుకి రాసిన ముందుమాటలో ఆయన ఒక హిసాబు ఇచ్చారు. విజయనగరం మహారాజా హుకుం మీద అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల పెళ్ళిళ్ళ జాబితా తీశారు. డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్ళిళ్ళు మూడేళ్ళలో 1034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది బిడ్డల ఖీమతు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరం కుదుర్చుకునేవారని ఆయనే రాశారు.

ఆగి ఆలోచించండి. కడుపులో బిడ్డకి జాతకం ఉండదు. లగ్నం లేదు, నక్షత్రం లేదు. అయినా బేరం అయిపోయింది. పుట్టిన తర్వాత కట్టే జాతకం ఆ బేరానికి మొహర్ వేయడానికే గదా! ఆ పెళ్ళిళ్ళన్నీ జాతకాలు చూసి, ముహూర్తాలు పెట్టి చేసే సమాజంలోనే జరిగాయి. ఏ గ్రహమూ ఆ పసిపిల్లల తరఫున నోరు విప్పలేదు. నోరు విప్పింది మనుషులే. అదే గురజాడ 1910లో హేలీ తోకచుక్క కనబడి జనం వణుకుతుంటే, ముత్యాల సరాలలో దాన్ని అరిష్టంగా కాక మంచి మార్పుకి గుర్తుగా చూశారు.

మన వైపు చూసుకుందాం. హిజ్రీ పదో సంవత్సరం. మదీనాలో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం గారి చిన్నారి కొడుకు ఇబ్రాహీం వఫాత్ అయ్యాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకే సూరీడు చీకటయ్యాడని జనం అనుకున్నారు. ఒక బాధలో ఉన్న తండ్రికి, ఒక నాయకుడికి అంతకంటే పెద్ద ఇజ్జత్ ఇంకేముంటుంది? ఊరుకుంటే చాలు, ఆ మాట నిలిచిపోయేది. ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ నిషానీలని, ఎవరి చావుకీ ఎవరి పుట్టుకకీ వాటికి గ్రహణం పట్టదని చెప్పారు. "పుట్టుక" అనే మాట కూడా అందులో ఉంది. నేను చిన్నప్పటి నుంచి ఈ హదీసు విన్నాను గానీ, ఆ మాట బరువు మా భాంజీ రిష్తా వచ్చాకే తెలిసింది.

నక్షత్రాలు చూడొద్దని దీన్ అనలేదు. ఖిబ్లా దిశ, నమాజు వేళ, రంజాన్ చాంద్ అన్నీ ఇల్మె హైఅత్ మీద నిలబడినవే. మన ప్రాంతంలోనే గోడే వెంకట జగ్గారావుగారు మద్రాసు అబ్జర్వేటరీలో నేర్చుకుని వచ్చి 1840లో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. అది ఆకాశాన్ని చదవడం. ఆకాశంలో ఒక ఆడపిల్ల తఖ్దీర్ చదవడం వేరే సంగతి.

సిద్ధాంతిగారిని తప్పుపట్టేముందు మన ఇల్లు కూడా సర్దుకోవాలి. సఫర్ నెలలో తేరా తేజీ అని మొదటి పదమూడు రోజులు నికాహ్ పెట్టుకోని ఇళ్ళు మనలో ఎన్ని లేవు? ఫాల్ తీయించడం, అబ్జద్ లెక్కతో అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ కలపడం, ఇవన్నీ మూల నక్షత్రానికి మనం తొడిగిన షేర్వానీలే. భయం ఒకటే, లిబాస్ వేరు.

చివరికి ఏం జరిగిందని అడుగుతారు. ఫుప్పా చెప్పిన గంట తేడా ఆపా చెప్పలేదు. మర్నాడు తనే ఫోన్ చేసి, "టైం మాకు తెలియదు బహెన్. ఆ రాత్రి వాన పడుతోంది, కరెంటు లేదు, నా బిడ్డ ఏడిచింది, నేను షుక్ర్ చేశాను. నాకు గుర్తున్నది అంతే" అంది. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత ఇంట్లో మాట్లాడి చెబుతామన్నారు. ఇది రాస్తున్న రోజు దాకా జవాబు రాలేదు.

భాంజీని అడిగాను, బాధగా ఉందా అని. "మామూ, అబద్ధం టైంతో వెళితే ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నాకు భయం వేసేది. ఇప్పుడు ఆ భయం లేదు" అంది.

ఆ పిల్ల కోసం దువా చేయండి.