ఎనభై అయిదు బంతుల సూత్రానికి టీక

లిటిల్ లీగ్ బేస్‌బాల్ నియమావళిలో పిల్ల పిచ్చర్ల గురించి ఉన్న భాగాన్ని ఒక్క వాక్యానికి కుదిస్తే ఇలా వస్తుంది: ‘పదకొండు పన్నెండేళ్ల పిచ్చర్ ఒక రోజులో 85 పిచ్‌లకు మించి విసరరాదు, 66 గాని అంతకు పైన గాని విసిరితే నాలుగు రోజుల విశ్రాంతి.’ 2007కు ముందు ఇన్నింగ్స్‌లు లెక్కపెట్టేవారు. ఒక ఇన్నింగ్స్ ఆరు బంతుల్లోనూ ముగియవచ్చు, నలభై దాకానూ సాగవచ్చు. అందుకే ఆ ఏడాది నుంచి బంతులనే లెక్కపెడుతున్నారు. అమెరికాలో పిల్లల్ని శనివారం పొద్దున్నే మైదానానికి తీసుకెళ్లే తల్లిదండ్రులకు, వాళ్లలో ఇప్పుడు మనవాళ్లూ ఉన్నారు, ఈ అంకెలు నోటికి వచ్చు. అంకెల చుట్టూ ఉన్న మాటల్నే ఎవరూ విప్పి చూడరు.

పిచ్చర్. బౌలర్ అని అర్థం చెప్పేసి ముందుకు పోతే టీక మొదటి పదంలోనే తప్పుతుంది. బౌలర్ చెయ్యి తిప్పుతాడు. మోచెయ్యి 15 డిగ్రీలకు మించి చాచుకుంటే అది చకింగ్. పిచ్చర్ పనే విసరడం. క్రికెట్‌లో ఏది నేరమో ఇక్కడ అదే విద్య. బౌలర్‌కు పరుగు తోడుంటుంది, పిచ్చర్‌కు మట్టిదిబ్బ మీద నుంచి ఒక్క పెద్ద అడుగు, అంతే. అందుకే భారం పడే చోటు కూడా మారింది. ఫాస్ట్ బౌలర్‌కు నడుము పోతుంది. 2019లో బుమ్రా ఆగిపోయింది వెన్ను కింది భాగంలో ఎముక చిట్లడం వల్లే. పిచ్చర్‌కు మోచెయ్యి, భుజం పోతాయి. బంతి బరువుకు ఇందులో పాత్ర లేదు. బేస్‌బాల్ 142–149 గ్రాములు, మన క్రికెట్ బంతి 156–163. పిచ్చర్ ఒళ్లు ముందుకు తిరిగేసరికి ముంజెయ్యి ఇంకా వెనకే ఉంటుంది. మోచేతి లోపలివైపు పంగలకర్ర రబ్బరులా సాగి, ఒక్కసారిగా వదులుతుంది. పెద్ద పిచ్చర్లలో ఆ క్షణాన భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీల దాకా పోతుంది.

పదకొండు పన్నెండేళ్ల. వాక్యంలో అన్నిటికన్నా బరువైన పదం ఇదే, కాస్త ఆగాలి. మోచేతి లోపలి పక్కన చేతికి తగిలే బుడిపె ఉంటుంది కదా, ముంజేతి కండరాలూ లిగమెంటూ దాన్నే పట్టుకుని ఉంటాయి. పిల్లల్లో ఆ బుడిపె మిగతా ఎముకతో ఇంకా కలిసిపోయి ఉండదు. మధ్యలో మృదులాస్థి పొర ఉంటుంది. డాక్టర్లు దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు, ఎముక పెరిగేది అక్కడే. మోచేతిలోని ఇలాంటి పొరల్లో ఆలస్యంగా మూసుకునేది ఇది, దాదాపు 15–17 ఏళ్లకు. పెద్దవాడి చెయ్యి అతిగా లాగితే తెగేది లిగమెంటు. పిల్లవాడిలో లిగమెంటు కన్నా ఈ పొరే బలహీనం. అందువల్ల పొర వాస్తుంది, వెడల్పవుతుంది, ఒక్కోసారి బుడిపె ఊడి పక్కకు జరుగుతుంది. 1960లో అమెరికన్ వైద్యులు ఎక్స్‌రేలు చూసి దీనికి ‘లిటిల్ లీగర్స్ ఎల్బో’ అని పేరు పెట్టారు. లీగ్ పేరే జబ్బు పేరయింది! భుజంలోనూ దీనికో తోబుట్టువు ఉంది.

పొర మూసుకున్నాక లిగమెంటు వంతు. 1974 సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్, డాడ్జర్స్ జట్టు పిచ్చర్ టామీ జాన్ మోచేతిలో తెగిన లిగమెంటు బదులు రెండో చేతి ముంజేతి నుంచి తీసిన స్నాయువును అల్లి కట్టాడు. ఆ చేత్తోనే టామీ జాన్ మరో 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఆపరేషన్‌కు అతని పేరే స్థిరపడింది. ఈ విజయం ఒక వింత భ్రమనూ మోసుకొచ్చింది. అమెరికాలో జరిగిన ఒక సర్వేలో హైస్కూల్ ఆటగాళ్లలో సగం మంది, దెబ్బ తగలకపోయినా సరే ఆట మెరుగవడానికి ఈ ఆపరేషన్ చేయించుకోవచ్చు అన్నారు. నిజానికి దాని తర్వాత మళ్లీ మ్యాచ్‌లో విసరడానికి ఏడాది, అంతకు మించి పడుతుంది.

ఒక రోజులో. పొద్దున ఒక మ్యాచ్‌లో విసిరినవాడు సాయంత్రం ఇంకొక మ్యాచ్‌లో విసరరాదు. అంతవరకు స్పష్టమే. కానీ లీగ్ పుస్తకానికి తెలిసేది ఆ లీగ్ మాత్రమే. శనివారం లీగ్‌లో విసిరిన పిల్లవాడు ఆదివారం పక్క ఊళ్లో ట్రావెల్ టీమ్‌కు విసిరితే రెండు పుస్తకాలూ నిజమే చెబుతాయి, చెయ్యి మాత్రం ఒక్కటే. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో తెచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాలు అందుకే రోజును దాటి సంవత్సరాన్ని పట్టుకున్నాయి. 9–12 ఏళ్లవారు పన్నెండు నెలల్లో 80 ఇన్నింగ్స్‌కు మించకూడదు. నాలుగు నెలలు విసరడమే మానాలి. టెక్సాస్, ఫ్లోరిడాల్లో చలికాలంలోనూ ఆట ఆగదు గనుక, ఈ నాలుగు నెలల మాటే పాటించడం కష్టం.

పిచ్. మనకు ఈ మాట వినగానే 22 గజాల నేల కళ్లముందుంటుంది. ఇక్కడ దాని అర్థం బ్యాటర్‌కు విసిరిన ఒక్క బంతి. ఏవి పిచ్‌లు కావో చెప్పుకుంటేనే ఈ పదం తేటపడుతుంది. మ్యాచ్‌కు ముందు ఒళ్లు వేడెక్కడానికి విసిరినవి కావు. ప్రతి ఇన్నింగ్స్ మొదట్లో సన్నాహంగా విసిరేవి కావు. బేస్ మీది రన్నర్‌ను అవుట్ చేయడానికి విసిరేవీ కావు. ఫ్లోరిడాలో హైస్కూల్ పిచ్చర్లు మ్యాచ్ రోజున దిబ్బ మీద నుంచి విసిరిన ప్రతి బంతినీ పరిశోధకులు లెక్కపెట్టి చూస్తే, నలభై శాతానికి పైగా అధికారిక లెక్కలోకి రానివేనని తేలింది.

చిన్నపిల్లల చేత కర్వ్‌బాల్, అంటే వంపు తిరిగే పిచ్, వేయిస్తే చెయ్యి పాడవుతుందని ఒక పాత నమ్మకం ఉంది. ప్రయోగశాలలో కుర్ర పిచ్చర్ల మోచేతి మీద పడే బలాన్ని కొలిస్తే, బలంగా విసిరే ఫాస్ట్‌బాల్‌దే ఎక్కువని తేలింది. స్పీడ్ గన్ పట్టుకుని కంచె వెనక నిలబడే నాన్నలకు ఇది రుచించే సంగతి కాదు.

85. ఈ అంకె ఎముకలోంచి పుట్టలేదు. 84 దగ్గర క్షేమం, 86 దగ్గర ప్రమాదం అని ఏ ఎక్స్‌రే చెప్పదు. వయసును బట్టి మెట్లు కట్టారు: 7–8 ఏళ్లకు 50, 9–10కి 75, 11–12కి 85, 13–16కి 95, 17–18కి 105. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలో ఒకడు అడుగు పొడవు ఎక్కువుండి, మీసం కూడా మొలుస్తూ ఉండవచ్చు. మెట్టు మాత్రం ఒకటే. అయినా గీత అంటూ ఉండటమే నయం అంటాను. కోచ్‌తో వాదించలేని తల్లి ఆ గీతను చూపించగలదు.

మించి. ఓ మినహాయింపు ఉంది. ఎదురుగా ఉన్న బ్యాటర్ వంతు సగంలో ఉండగా 85 నిండితే, ఆ బ్యాటర్ లెక్క తేలేదాకా విసరవచ్చు.

విశ్రాంతి. మెట్లు దీనికీ ఉన్నాయి: 21 నుంచి ఒక రోజు, 36 నుంచి రెండు, 51 నుంచి మూడు, 66 నుంచి నాలుగు. పిచ్చర్ సెలవంటే మైదానానికి సెలవని కాదు, వేరే చోట ఆడవచ్చు. 41 గాని అంతకు పైన గాని పిచ్‌లు విసిరినవాడు ఆ రోజు క్యాచర్‌గా మాత్రం దిగకూడదు. ఎందుకంటే, వచ్చిన ప్రతి బంతినీ తిరిగి విసిరేది క్యాచరే.

ఈ పదానికి గొప్ప ఉదాహరణ జపాన్‌లో దొరుకుతుంది. అక్కడ కోషియెన్ హైస్కూల్ టోర్నీ అంటే దేశమంతా టీవీ ముందు కూర్చుంటుంది. 1998లో దైసుకె మత్సుజాకా 17 ఇన్నింగ్స్‌లలో 250 పిచ్‌లు విసిరి వీరుడయ్యాడు. 2018లో కోసెయి యోషిదా ఆరు మ్యాచ్‌ల్లో 881 విసిరాడు, మీడియా హారతి పట్టింది. మరుసటి ఏడాది జూలైలో, కోషియెన్‌కు ఎవరు వెళ్లాలో తేల్చే ఇవాతె ప్రాంత ఫైనల్లో, ‘ఓఫునాతో’ హైస్కూల్ కోచ్ తన మేటి పిచ్చర్ రోకి ససాకిని బెంచీ మీదే కూర్చోబెట్టాడు. నాలుగు రోజుల ముందు అతను 194 పిచ్‌లు విసిరాడు, ముందు రోజు సెమీస్‌లో 129. జట్టు 12–2తో ఓడింది, కోషియెన్ చేజారింది. తిట్టడానికి స్కూలుకు ఫోన్లు వెల్లువెత్తాయి. 2020 నుంచి అక్కడ వారానికి 500 పిచ్‌ల పరిమితి వచ్చింది. మన సూత్రంతో పోలిస్తే అది చాలా ఉదారమైన అంకె. 2022లో ససాకి 20 ఏళ్లకే పర్ఫెక్ట్ గేమ్, అంటే ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వని ఆట, విసిరాడు. 2025లో డాడ్జర్స్‌కు వెళ్లాక భుజం నొప్పితో నెలల తరబడి ఆగాడు కూడా. కాబట్టి ఆ రోజు కోచ్ చేసింది ఒప్పని ఈ తర్వాతి కథతో రుజువు చేయలేం. ఆ రోజు ఆ చేతిని చూసి చేశాడు, అంతే.

అధ్యాహారం. సూత్రంలో లేకున్నా అన్వయం కోసం మనం తెచ్చుకోవలసిన పదం ఒకటుంది: అలసట. అలబామాలోని పరిశోధకులు కుర్ర పిచ్చర్లను పోల్చి చూసినప్పుడు, చెయ్యి అలసిపోయినా తరచూ విసిరేవాళ్లు ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం 36 రెట్లు కనిపించింది. లెక్కపుస్తకంలో దానికి గడి లేదు. పిల్లవాణ్ని అడిగితే ‘నొప్పేం లేదు నాన్నా’ అంటాడు, ఆట మధ్యలో దింపేస్తారని భయం. అందుకే చూడాల్సింది మోచెయ్యినే. విసిరేటప్పుడు అది మొదట్లో ఉన్న ఎత్తు కన్నా కిందికి జారుతోందా, బంతులు గురి తప్పి పైపైకి పోతున్నాయా, రెండు బంతుల మధ్య చెయ్యి విదిలించుకుంటున్నాడా. స్కోరర్ పుస్తకంలో అప్పటికి 58 అనే ఉండవచ్చు.